ఇచ్చే ముందు ఒకసారి ప్లగ్గులో పెట్టి చూడండి

దానమిచ్చిన ఆవుకి పళ్ళు లెక్కపెట్టకూడదంటారు. అది పుచ్చుకునేవాళ్ళకి చెప్పిన మాట. వాడిన సామాను దానమిచ్చేవాళ్ళు మాత్రం పళ్ళు లెక్కపెట్టే ఇవ్వాలి. మిక్సీ జారుకి మూత లేదని, బూటు ఒక్కటే ఉందని, దుప్పటి ముక్కవాసన కొడుతోందని పుచ్చుకున్నవాళ్ళు ఎవరూ ఫోన్ చేసి చెప్పరు. మొహమాటం. ఆ వస్తువు చడీచప్పుడూ లేకుండా చెత్తలోకి పోతుంది. ఇచ్చినవాళ్ళకి పుణ్యం చేశామన్న తృప్తి, సామాను పోగుచేసే సంస్థ గోదాములో పనిచేసే వాలంటీర్లకి అరపూట చాకిరీ మిగులుతాయి.

చర్చిల పరిచర్య విభాగాలకి, అనాథాశ్రమాలకి, వృద్ధాశ్రమాలకి, నిరాశ్రయుల షెల్టర్లకి వచ్చే సామాను పనికిరాకుండా పోయే కారణాలు చాలావరకు చిన్నవి. ఒక బొత్తాం, ఒక చార్జరు, నాలుగు స్క్రూలు, ఒక పూట ఎండ. ఇచ్చేవాళ్ళ ఇంట్లో పది నిమిషాల్లో తేలిపోయే పని, గోదాములో అసలు తేలదు. ఎందుకంటే ఆ చార్జరు మీ సొరుగులోనే ఉండిపోయింది, అది ఏ సొరుగో వాళ్ళకి తెలియదు.

ముందు ఫోను, తర్వాత అట్టపెట్టె

అటక మీంచి సామాను దించకముందే సంస్థకి ఫోన్ చేయండి. ఇప్పుడు వాళ్ళకి ఏది కొరతగా ఉంది, ఏవి అస్సలు తీసుకోరు, ఏ రోజు ఏ వేళకి తేవచ్చు, మంచం బీరువా లాంటివి వాళ్ళే వచ్చి పట్టుకెళతారా, వస్తే మెట్లెక్కి మోస్తారా లేక గుమ్మం దగ్గరకి మీరే తెచ్చి పెట్టాలా, ఇవన్నీ అడగాలి. పన్ను మినహాయింపు కోసం రసీదు కావాలంటే అదీ అప్పుడే చెప్పాలి. వస్తువుల దానానికి మినహాయింపు ఉందా లేదా అన్నది దేశాన్నిబట్టి మారుతుంది, సామాను ఇచ్చేశాక రసీదు అడిగితే రాయడానికి వాళ్ళ దగ్గర లెక్క ఉండదు.

ఇంకో ప్రశ్న చాలామంది అడగరు: మీరు వీటిని నేరుగా పంచుతారా, అమ్మి ఆ డబ్బుతో సేవ చేస్తారా? రెండూ మంచి పద్ధతులే. 1902లో బోస్టన్‌లో ఎడ్గర్ హెల్మ్స్ అనే మెథడిస్టు పాస్టరు కలిగినవాళ్ళ ఇళ్ళ నుంచి పాత సామాను పోగుచేసి, పని లేనివాళ్ళ చేత బాగుచేయించి అమ్మించాడు. గుడ్‌విల్ సంస్థ అలా మొదలైంది. అక్కడ వస్తువు కంటే దాన్ని బాగుచేసే పని, దానికొచ్చే జీతం ముఖ్యం. మీ సామాను ఏ దారిలో వెళుతుందో తెలిస్తే ఏది ఎక్కడికి ఇవ్వాలో తేలిపోతుంది. అలంకరణ బొమ్మలు, ఫోటో ఫ్రేములు, పింగాణీ సెట్లు, నగల పెట్టెలు దుకాణం నడిపే సంస్థకి డబ్బవుతాయి. షెల్టరుకి అవే బరువు. షెల్టరుకి తువ్వాళ్ళు, దుప్పట్లు, బకెట్లు, గిన్నెలు, వీపు సంచులు కావాలి.

మూసి ఉన్న గేటు ముందు రాత్రిపూట సామాను వదిలేసి రావడం అన్నిటికంటే చెడ్డ పద్ధతి. వాన పడుతుంది, కుక్కలు లాగుతాయి, ఎవరో విప్పి కావలసినవి తీసుకుని మిగతావి రోడ్డు మీద పారేస్తారు. పొద్దున్న వచ్చినవాళ్ళు దాన్ని ఎత్తించడానికి సంస్థ డబ్బు ఖర్చుపెడతారు.

ఏరడం గురించి పెద్దగా చెప్పడానికి లేదు. ఇల్లంతా ఒకేసారి మొదలుపెట్టకండి, ఒక బీరువా, ఒక అటక, ఒక సొరుగు చొప్పున వెళ్ళండి. మూడు కుప్పలు: ఇచ్చేవి, బాగుచేసి ఇచ్చేవి, పారేసేవి. మధ్య కుప్పకి ఒక తేదీ రాసి పెట్టండి. రెండు వారాల్లో బాగుచేయించకపోతే ఇక చేయించరు, అది మూడో కుప్పలోకి పోవాలి. తటపటాయిస్తే మనసు ఎప్పుడూ "ఎవరికో ఒకరికి పనికొస్తుందిలే" అంటుంది. అలా అనిపించిన వస్తువునే ఇంకోసారి తిప్పి చూడాలి.

బట్టలు

ఉతకాలి, పూర్తిగా ఆరాలి. రెండో మాటే కీలకం. పైకి ఆరినట్టున్నా కుట్ల దగ్గర, నడుం పట్టీ దగ్గర, జేబు గుడ్డల్లో చెమ్మ ఉంటుంది. దాన్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి బిగిస్తే వారంలో బూజు నల్లచుక్కలు తేలతాయి, పక్కనున్న మంచి బట్టలకీ వాసన అంటుకుంటుంది. ఒక్క తడి చొక్కా సంచినంతటినీ పాడుచేస్తుంది. మందపాటి బట్టలు ఆరాయనిపించాక ఇంకో పూట వేలాడదీసి అప్పుడు మడవండి.

మడిచేటప్పుడు ఒక్కొక్కటీ వెలుగులో పట్టుకుని చూడాలి: చంకల దగ్గర పసుపుమరకలు, కాలరు మడత, మోకాళ్ళ దగ్గర పలచబడిన గుడ్డ, సాగిపోయిన ఎలాస్టిక్. జిప్పు పైనుంచి కిందికి, కిందినుంచి పైకి రెండుసార్లు లాగి చూడండి. బొత్తాం ఊడితే కుట్టి ఇవ్వండి, చొక్కా లోపలి అంచుకి అదనపు బొత్తాం కుట్టి ఉంటుంది, దాన్నే వాడొచ్చు. జేబులన్నీ తడమండి. డబ్బు, తాళాలు, బ్యాంకు రసీదులు ఆ జేబుల్లోనే వెళ్ళిపోతుంటాయి. లోదుస్తులు, సాక్సులు వాడినవి ఇవ్వకూడదు. షెల్టర్లలో ఎప్పుడూ కొరతగా ఉండేవి అవే, అందుకే కొత్తవి ఒక డజను కొని కలిపితే పాత బట్టల మూట మొత్తం కంటే ఎక్కువ అక్కరకొస్తాయి. నెలసరి ప్యాడ్లూ అంతే, సీలు తీయనివే.

నాఫ్తలీన్ గోళీలు (కలరా ఉండలు) వేసి దాచిన పసిపిల్లల బట్టల విషయంలో ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి. ఎర్ర రక్తకణాలని కాపాడే జి6పీడీ అనే ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉన్న శిశువుల్లో ఆ ఆవిరి తగిలితే ఎర్ర రక్తకణాలు పగిలిపోయి, కామెర్లు, రక్తహీనత రావచ్చు. పుచ్చుకునే తల్లికి ఆ బట్ట ఎందులో నిలవ ఉందో తెలియదు. అలాంటివి వాసన పూర్తిగా పోయేదాకా గాలికి ఆరేసి, ఉతికి, మళ్ళీ ఆరేయాలి. వాసన పోకపోతే పిల్లల మూటలో కలపకండి.

ఇక సర్దడం. కుప్పగా కుక్కిన సంచి గోదాములో చివరికి తెరుస్తారు, సర్దిన పెట్టె ముందు తెరుస్తారు. వయసు, కొలత, ఆడ మగ విడదీసి మడిచి పెట్టి పెట్టె మీద పెద్దక్షరాలతో "8-10 ఏళ్ళ అబ్బాయి, చొక్కాలు 6, ప్యాంట్లు 4" అని రాస్తే దాన్ని విప్పకుండానే సరైన కుటుంబానికి పంపుతారు. నల్లసంచులు వాడకండి, ఎవరో చెత్త అనుకుని బయట పెట్టేస్తారు. చలిబట్టలు చలి మొదలయ్యే ముందు నెలలో ఇవ్వండి. ఎండాకాలంలో ఇచ్చిన స్వెటర్లు ఆరు నెలలు గోదాములో చోటు తింటాయి, ఎలకలకి పరుపవుతాయి.

"ఎలాగో పేదవాళ్ళకే కదా" అని చినిగినవీ కలిపే అలవాటు ఎక్కడికి దారితీస్తుందో చూడాలంటే ఘానా రాజధాని అక్రాలో కంటమాంటో మార్కెట్ ఉంది. ధనిక దేశాల్లో సేకరించిన బట్టలు బేళ్ళుగా అక్కడికి చేరతాయి. అక్కడివాళ్ళు వాటిని పిలిచే పేరుకి అర్థం "చచ్చిపోయిన తెల్లవాడి బట్టలు". అమ్ముడుపోనివి కాలవల్లోకి, సముద్రపు ఒడ్డుకి చేరుతున్నాయి. ఇచ్చినవాళ్ళ ఊరి చెత్త ఇంకో ఊరి చెత్తయింది, అంతే.

బైబిల్లో దొర్కా గుర్తొస్తుంది ఇక్కడ. చర్చిల్లో బట్టలు కుట్టి పంచే స్త్రీల బృందాలు ఆమె పేరే పెట్టుకుంటాయి. ఆమె విధవరాళ్ళకి అంగీలు కుట్టి ఇచ్చింది. ఎవరికి ఇస్తున్నామో తెలిసి, వాళ్ళ కొలతకి కుట్టిన బట్టకీ బీరువా ఖాళీ చేయడానికి కట్టిన మూటకీ ఉన్న తేడా ఆ బృందాల్లో పనిచేసేవాళ్ళకి బాగా తెలుసు.

బూట్లు జతగా కట్టండి, లేసులుంటే లేసులతో, లేకపోతే గట్టి రబ్బరు బ్యాండుతో. కట్టని జత గోదాములో విడిపోతే ఇక కలవదు. ఏళ్ళ తరబడి వాడకుండా పెట్టెలో దాచిన స్పోర్ట్స్ బూట్లు కొత్తగా కనిపిస్తాయి, కానీ చాలా బూట్ల అడుగుభాగంలో వాడే పాలియురెథేన్ అనే ప్లాస్టిక్ గాలిలోని తేమకి లోపల్లోపలే విరిగిపోతుంది. తొడుక్కుని నాలుగడుగులు వేస్తే రొట్టెముక్కల్లా రాలుతుంది. అందుకని ఇచ్చే ముందు బూటుని చేత్తో బాగా వంచి, మడమ దగ్గర బొటనవేలితో గట్టిగా నొక్కి చూడండి. పగుళ్ళు తేలినా, పొడి రాలినా అది పారేసేదే.

కరెంటు సామాను

ప్లగ్గులో పెట్టి, మామూలుగా వాడేంతసేపు నడపండి. స్విచ్చి వేసి లైటు వెలిగిందని తీసేస్తే పరీక్ష కాదు. ఇస్త్రీపెట్టె వేడెక్కాక దానంతటదే ఆగి మళ్ళీ వెలగాలి, ఆగకపోతే థర్మోస్టాట్ పోయినట్టు, ఆ పెట్టె బట్టలే కాదు ఇల్లే కాల్చగలదు. కెటిల్ నీళ్ళు మరిగాక ఆగాలి. ఫ్యాను అన్ని స్పీడుల్లోనూ తిరగాలి. ఫ్రిజ్‌ని ఒక రోజంతా నడిపి, ఫ్రీజరులో పెట్టిన గ్లాసు నీళ్ళు గడ్డకట్టాయో లేదో చూడండి.

తర్వాత వైరు. ప్లగ్గు నుంచి వస్తువు దాకా వేళ్ళ మధ్య జారుస్తూ తడమండి. ప్లగ్గు మెడ దగ్గర, వస్తువులోకి దూరేచోట మడతపడి పగులుతుంది. టేపు చుట్టిన వైరుతో ఏదీ ఇవ్వకండి, వైరు మార్పించి ఇవ్వండి. మాడిన మచ్చలున్న ఎక్స్‌టెన్షన్ బోర్డు, ఎర్తు పిన్ను విరిగిన ప్లగ్గు, ఇవి బాగుచేయదగ్గవి కావు. వేరే దేశం నుంచి తెచ్చినవైతే వెనక చీటీ చదవండి. 110-120 వోల్టులని మాత్రమే రాసి ఉన్నదాన్ని 220-240 వోల్టుల సాకెట్టులో పెడితే మొదటిరోజే కాలిపోతుంది. 100-240 అని ఉంటే ఎక్కడైనా నడుస్తుంది.

చార్జర్లు, అడాప్టర్లు వస్తువుకే టేపుతో అంటించండి, విడి సంచిలో వేయకండి. అడాప్టరు మీద ఏ వస్తువుదో రాయండి. అసలుది పోయి వేరేది ఇస్తున్నప్పుడు వోల్టులు సరిగ్గా అంతే ఉండాలి, ఆంపియర్లు అంతే లేదా ఎక్కువ ఉండొచ్చు, పిన్నులో ప్లస్ మైనస్ ఏవైపు ఉందో చూపే గుర్తు కలవాలి. ఈ మూడింటిలో ఏదో ఒకటి తప్పడం వల్లే మంచి రౌటర్లు, సంగీతం కీబోర్డులు పోతాయి. రిమోటుతో నడిచేవాటికి రిమోటు కలపండి, దానిలోంచి సెల్సు తీసేసి. నిలవలో సెల్సు కారితే లోపలి రేకులు తుప్పుపట్టి రిమోటు చస్తుంది.

ఫ్రిజ్ ఇచ్చే ముందు రోజు ఆపేసి, మంచు కరగనిచ్చి, కింద ట్రేలో నీళ్ళు పారబోసి, లోపల పొడిగా తుడవండి. రవాణాలో నిలువుగానే ఉంచాలి. తప్పక పడుకోబెట్టాల్సివస్తే దించాక కొన్ని గంటలు నిలబెట్టి ఉంచి అప్పుడు స్విచ్చి వేయాలి, కంప్రెసరు నూనె మళ్ళీ కిందికి దిగడానికి. గోదాములో నిలవ ఉంచేటప్పుడు తలుపు కొంచెం తెరిచి ఉంచేలా ఏదైనా అడ్డం కట్టాలి: బూజు పట్టదు, పిల్లలు లోపల దూరి ఇరుక్కునే ప్రమాదమూ తగ్గుతుంది. ముందువైపు తలుపున్న వాషింగ్ మెషీన్లకి డ్రమ్ము స్ప్రింగుల మీద వేలాడుతూ ఉంటుంది, దాన్ని కదలకుండా పట్టే బోల్టులు కొన్నప్పుడు వెనకవైపు ఉంటాయి. ఉంటే మళ్ళీ బిగించి పంపండి. లేకపోతే డ్రమ్ము చుట్టూ ఫోమ్ ముక్కలు కూరి, నిలువుగా తీసుకెళ్ళండి. గొట్టాల్లో నీళ్ళు మాత్రం పూర్తిగా వంచేయాలి.

ఫోన్లకి చేసే తప్పు ఒక్కటే: ఖాతా తీయకుండా రీసెట్ కొట్టడం. ఆండ్రాయిడ్‌లో, ఐఫోన్‌లో దొంగతనం నుంచి కాపాడే తాళం ఉంది. ఐఫోన్‌కి 2013లో ఐఓఎస్ 7 అనే సాఫ్ట్‌వేర్‌తో వచ్చింది. పాత యజమాని పాస్‌వర్డ్ అడుగుతూ ఫోను అక్కడే ఆగిపోతుంది, పుచ్చుకున్నవాళ్ళ చేతిలో అది రాయి. వరస ఇలా ఉండాలి: ఫోటోలు, కాంటాక్టులు దాచుకోండి, సెట్టింగ్స్‌లో గూగుల్ లేదా ఆపిల్ ఖాతా నుంచి బయటికి రండి, స్క్రీన్ లాక్ తీయండి, ఆ తర్వాత రీసెట్. సిమ్ము, మెమరీ కార్డు తీసేయండి. చివర్లో ఒకసారి ఆన్ చేసి, పాత ఖాతా అడగకుండా కొత్త ఫోనులా మొదలవుతోందో లేదో చూడండి. సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయిన ఫోనైతే "మాట్లాడుకోవడానికి బాగుంది, బ్యాంకు పనులకి వద్దు" అని చీటీ అంటించండి.

ల్యాప్‌టాప్‌లో ఫైళ్ళు రీసైకిల్ బిన్‌లో వేసి ఖాళీ చేస్తే అవి పోవు, తవ్వి తీయొచ్చు. విండోస్ రీసెట్‌లో డ్రైవ్ శుభ్రం చేసే ఎంపిక ఉంది, అదే వాడండి, గంటలు పట్టినా. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 ఎక్కని పాత యంత్రాలకి విండోస్ బదులు లినక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తేలికపాటి రకం ఎక్కించి ఇస్తే పిల్లల చదువుకి ఇంకొన్నేళ్ళు బాగానే పనికొస్తాయి. బ్యాటరీ ఉబ్బి ఉంటే, టచ్‌ప్యాడ్ పైకి లేచి ఉంటే, దాన్ని గుచ్చకండి, నొక్కకండి, చార్జింగ్ పెట్టకండి. అది దానానికి కాదు, ఈ-వేస్ట్ (పాడైన ఎలక్ట్రానిక్ సామాను) సేకరించేవాళ్ళకి వెళ్ళాలి.

వంటింటివి, పిల్లలవి

ప్రెషర్ కుక్కరుకి మూడు భాగాలు చూడాలి: గ్యాస్కెట్, వెయిట్, సేఫ్టీ వాల్వ్. గ్యాస్కెట్ వంచితే పగుళ్ళు కనిపించకూడదు, బిగుసుకుపోయి ఉండకూడదు. నిజానికి పాతదాన్ని పరీక్షించే బదులు కొత్తది వేసి ఇవ్వడమే మేలు. నీళ్ళు పోసి ఒకసారి పొయ్యి మీద పెట్టండి. ఆవిరి అంచుల్లోంచి కారకుండా వెయిట్‌లోంచే రావాలి. కంపెనీ, లీటర్లు మూత మీద రాసి అంటిస్తే తర్వాత గ్యాస్కెట్ కొనుక్కోవడానికి వాళ్ళకి తేలిక. గ్యాస్ పొయ్యి ఇస్తే పాత రబ్బరు ట్యూబు ఇవ్వకండి, దాని మీది తేదీ దాటిపోయి ఉంటుంది. నాన్‌స్టిక్ పూత లేచిపోయినవి, పగుళ్ళిచ్చిన ప్లాస్టిక్ డబ్బాలు వద్దు. స్టీలు, అల్యూమినియం గిన్నెలు మూతలతో సహా కట్టండి. గాజువి ఒక్కొక్కటీ కాగితంలో చుట్టి, పళ్ళేలు పడుకోబెట్టకుండా నిలువుగా పేర్చండి, కుదుపు తగిలినప్పుడు అలా తక్కువ పగులుతాయి.

పిల్లల సామానులో మొహమాటం పనికిరాదు. మూడేళ్ళలోపు పిల్లల బొమ్మలకి ఒక కొలత ఉంది: టాయిలెట్ పేపరు చుట్టిన అట్టగొట్టంలోంచి జారిపోయే ముక్క ఏదైనా గొంతుకి అడ్డం పడే ముక్కే. మెరిసే లైట్లు, పాటలు ఉండే బొమ్మల్లో గుండ్రటి బొత్తాం బ్యాటరీలు ఉంటాయి. ఆ బ్యాటరీలుండే అర మూతకి స్క్రూ లేకపోతే బొమ్మ ఇవ్వకండి. పిల్లలు ఆ బ్యాటరీ మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోతుంది, ప్రాణం మీదికొస్తుంది. చిన్న చిన్న అయస్కాంతాలున్న ఆట సామానుకీ అదే మాట, రెండు మింగితే పేగు గోడల మధ్య ఒకదాన్నొకటి పట్టుకుంటాయి.

పాత తొట్టిమంచానికి కడ్డీల మధ్య ఖాళీ 6 సెంటీమీటర్లు దాటకూడదు, పక్క గోడ కిందికి జారే రకం అస్సలు వద్దు, అమెరికాలో 2011 నుంచి అమ్మకమే నిషేధం. కారులో పిల్లల సీటుకి అడుగున తయారీ తేదీ, గడువు ఉంటాయి. ప్రమాదంలో ఉన్న సీటు, దెబ్బతిన్న హెల్మెట్ పైకి బాగానే కనిపించినా లోపలి ఫోమ్ ఒకసారి నలిగితే రెండోసారి కాపాడదు. వీటిని ఎవరికీ ఇవ్వకుండా, ఎవరూ ఏరుకుని వాడకుండా పట్టీలు కోసి పారేయాలి. కోసి పారేయడం దుబారాగా అనిపిస్తుంది. కానీ చెత్తకుప్పలోంచి తీసుకుని వాడతారు, అదే భయం.

జిగ్సా పజిళ్ళు, చదరంగం పెట్టెలు లెక్కపెట్టి, "100కి 100 ఉన్నాయి" అని పెట్టె మీద రాసి టేపు వేయండి. పుస్తకాల్లో తక్కువ మాటల్లో చెప్పాలంటే: బూజు పట్టినవి, సిలబస్ మారిన పాఠ్యపుస్తకాలు, పాత ఎన్‌సైక్లోపీడియాలు ఎవరూ తీసుకోరు. కథల పుస్తకాలు, నిఘంటువులు, పోటీపరీక్షల తాజా పుస్తకాలు వెంటనే పోతాయి.

మంచాలు, మందులు

కలప, పరుపు, సోఫా ఏది ఇచ్చినా ముందు నల్లుల కోసం చూడాలి. కుట్ల వెంబడి, బొత్తాల కింద, మంచం చెక్కల కీళ్ళ దగ్గర టార్చిలైటు వేసి చూడండి. మిరియం తొక్కలాంటి నల్లమచ్చలు, ఒలిచిన పారదర్శకమైన తొడుగులు కనిపిస్తే అవే. అవి తినకుండా నెలల తరబడి బతుకుతాయి, కాబట్టి "ఏడాదిగా ఎవరూ పడుకోలేదు" అన్నది హామీ కాదు. ఎండలో పెట్టడం చాలదు, వేడి లోపలిదాకా వెళ్ళదు. బట్టలు, దుప్పట్లయితే డ్రయరులో గరిష్ఠ వేడి మీద 30 నిమిషాలు, లేదా మైనస్ 18 డిగ్రీల ఫ్రీజరులో 4 రోజులు. పరుపుకి ఇవేవీ కుదరవు. అందుకే చాలా సంస్థలు వాడిన పరుపులు తీసుకోవు, తీసుకోనందుకు నొచ్చుకోకండి. షెల్టరులో ఒక్క పరుపుతో వచ్చిన నల్లులు అన్ని మంచాలకీ పాకుతాయి.

బల్ల, బీరువా విప్పి పంపితే స్క్రూలు, తాళాలు ఒక చిన్న జిప్పు సంచిలో వేసి ఆ వస్తువు అడుగున టేపుతో అంటించండి. విప్పే ముందు ఫోటో తీసి ఆ ప్రింటు కూడా పెడితే బిగించేవాళ్ళ పని సగం తగ్గుతుంది. చెక్కకి సూదిబెజ్జాలుండి కింద తాజా పిండి రాలుతుంటే పురుగు ఇంకా లోపల ఉంది. అది వేరే ఇంటి చెక్కకీ పడుతుంది. వెడల్పు, లోతు, ఎత్తు కొలిచి ముందే చెప్పండి, ఒక గది ఇంట్లో తలుపు పట్టని బీరువా ఎవరికీ కానుక కాదు.

మందులు ఇవ్వకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1996లో మందుల దానాలకి మార్గదర్శకాలు ఇచ్చింది: రోగులకి ఇచ్చి వెనక్కి వచ్చిన మందులు పనికిరావు, చేరేసరికి గడువు కనీసం ఏడాది మిగలాలి. ఇళ్ళలోని సగం వాడిన స్ట్రిప్పులు, తెరిచిన టానిక్కులు ఈ లెక్కలో ఎక్కడా పట్టవు. ఊతకర్రలు, వాకర్లు ఇవ్వొచ్చు, వాటి అడుగున రబ్బరు తొడుగులు అరిగితే మార్చండి, అరిగిన తొడుగుతో తడినేల మీద జారి ఉన్న కాలూ విరుగుతుంది. చక్రాలకుర్చీ బ్రేకులు పట్టాలి, కాళ్ళు పెట్టుకునే పలకలు రెండూ ఉండాలి, సీటు వెడల్పు కొలిచి రాయాలి. కొలత కుదరని కుర్చీలో రోజంతా కూర్చుంటే ఒరిపిడి పుండ్లు పడతాయి. వాడిన కళ్ళజోళ్ళు మనిషికి నేరుగా ఇచ్చేవి కావు. లయన్స్ క్లబ్బుల్లాంటి సంస్థలు వాటిని పోగుచేసి, పవరు కొలిచి, కళ్ళు పరీక్షించాకే అందజేస్తాయి.

కట్టడం, దించడం

పెట్టె బరువు 12-15 కిలోలు దాటనివ్వకండి. పుస్తకాలకి చిన్నపెట్టె, దిళ్ళకి పెద్దపెట్టె. తిరగేసి చేస్తే అడుగు ఊడుతుంది, మోసేవాళ్ళ నడుం పడుతుంది. మోసేది చాలాసార్లు పెద్దవయసు వాలంటీర్లే. అడుగున టేపు ఒక వరస కాదు, మూడు వరసలు. సబ్బులు, అగరొత్తులు బట్టలతో కలపకండి, వాసన పట్టేస్తే వదలదు. లోపల ఏముందో రెండు ప్రతులు రాయండి, ఒకటి పెట్టె మీదికి, ఒకటి మీకు. రసీదుకి ఆ కాగితమే పనికొస్తుంది.

తుఫానో భూకంపమో వచ్చిన వారం మాత్రం ఈ పద్ధతులేవీ వర్తించవు. అప్పుడు సామాను పంపడం దాదాపు ఎప్పుడూ పొరపాటే. దారులు, లారీలు, గోదాములు మందులకి, నీళ్ళకి కావాలి. అడగని మూటలు వాటికి అడ్డం పడతాయి. సహాయక చర్యలు చూసేవాళ్ళు ఈ సామాను వరదకి పెట్టుకున్న పేరు "రెండో విపత్తు". 2012 డిసెంబరులో అమెరికాలోని న్యూటౌన్‌లో బడిలో కాల్పులు జరిగాక, 30 వేల జనాభా కూడా లేని ఆ ఊరికి 60 వేలకు పైగా టెడ్డీ బొమ్మలు వచ్చాయి. వాటిని లెక్కపెట్టడానికి, నిలవ ఉంచడానికి గోదాములు, మనుషులు వెతుక్కోవాల్సివచ్చింది. ఆ వారం డబ్బు పంపండి. సామాను రెండుమూడు నెలలాగి, ఇళ్ళు మళ్ళీ కట్టుకునేటప్పుడు, అడిగి పంపండి. అప్పటికి వాళ్ళకి ఏం కావాలని అడిగేవాళ్ళే తక్కువవుతారు.

తెలిసిన మనిషికి నేరుగా ఇవ్వడం సంస్థకి ఇవ్వడం కంటే కష్టం. పదిమందిలో కాదు, విడిగా అడగాలి, అదీ "ఇది తీసుకెళ్ళు" అని కాకుండా "ఇది మీకు పనికొస్తుందా, లేకపోతే ఇంకొకరికి ఇస్తాను" అని. వద్దనడానికి దారి ఉంచాలి. ఇంట్లో పనిచేసేవాళ్ళకి ఇచ్చిన పాత సామాను జీతంలోకి, బోనసులోకి లెక్కకట్టకూడదు. ఫోటో తీయకూడదు. తర్వాత "ఆ ఫ్రిజ్ వాడుతున్నారా" అని ఆరా తీయకూడదు, అమ్ముకుని ఫీజు కట్టి ఉండొచ్చు, అది వాళ్ళ వస్తువు.

వాడకం ఖర్చు కూడా ముందే చెప్పాలి. పాత ఏసీ, పాత ఫ్రిజ్ నెలనెలా కరెంటు బిల్లు తెస్తాయి. ప్రింటరుకి ఇంకు కావాలి, ఫిల్టరుకి క్యాండిల్ మార్చాలి. ఆ ఖర్చు విన్నాక వద్దంటే అది తెలివైన మాట. కావాలంటే, తీసుకెళ్ళి దించి వచ్చేయకండి. వాషింగ్ మెషీన్ అయితే నీళ్ళ గొట్టం బిగించి, ఖాళీ డ్రమ్ముతో ఒకసారి తిప్పి, ఏ బటన్ దేనికో చూపించండి. మాన్యువల్ పోయి ఉంటే మోడల్ నంబరు కాగితం మీద రాసి మెషీన్ పక్కన అంటించండి, బాగుచేసేవాడు మొదట అడిగేది అదే.